తెర మీది సంగతి చెవికెలా చేరుతుంది?

కళ్ళు గట్టిగా మూసుకొని కంప్యూటర్ ముందు కూర్చున్నారనుకోండి. టాబ్ మీట నొక్కారు. తెర మీద ఏదో మారింది. ఏమిటది? చూపులేని విద్యార్థి పరీక్షకు దరఖాస్తు నింపేటప్పుడు మీట నొక్కిన ప్రతిసారీ ఈ ప్రశ్నే. తెలియకపోతే ‘పంపు’ అనుకొని ‘రద్దు’ నొక్కే ప్రమాదం వుంది! అక్కడ ఏముందో చెవిలో చెప్పే ప్రోగ్రామును స్క్రీన్ రీడర్ అంటారు.

పాత కంప్యూటర్ తెరమీద వుండేవి అక్షరాలే. 25 వరుసలు, వరుసకు 80 అక్షరాలు. మెమొరీలోనూ అవి అక్షరాలుగానే వుండేవి కాబట్టి చదివి వినిపించడం తేలిక. బొమ్మల తెరలు వచ్చాక అక్షరమైనా, పువ్వు బొమ్మైనా అన్నీ రంగు చుక్కలే గదా! మొదట్లో, గీయమని వెళ్ళే ఆజ్ఞలను దారిలోనే పట్టుకొని, ఏం గీస్తున్నదో ఊహించేవారు. 1997లో మైక్రోసాఫ్ట్ వేరే ఏర్పాటు చేసింది. మార్పు జరిగినప్పుడల్లా విండోస్ ఒక కబురు పంపుతుంది. దాని పేరు ‘ఈవెంట్’.

ఈ కబురు తలుపు తట్టిన చప్పుడు లాంటిది. ఎవరో వచ్చారని తెలుస్తుంది, ఎవరో తెలియదు. అందుకని స్క్రీన్ రీడర్ ఎదురు ప్రశ్నలు వేస్తుంది: నీ పేరేమిటి? నువ్వే రకం? ఇప్పుడెలా వున్నావు? జవాబులు కూర్చి, “హాస్టలు కావాలి, చెక్ బాక్స్, టిక్ లేదు” అని పలుకుతుంది.

అసలు చిక్కు కబుర్లు తక్కువై కాదు, ఎక్కువై! పొడవాటి జాబితాలో కిందికి బాణం మీటను నొక్కిపట్టారనుకోండి. ఒక్కొక్క పేరుకూ ఒక్కొక్క కబురు. అన్నీ చదివితే మీరు ఇరవయ్యో పేరు దగ్గర వుంటే, గొంతు ఇంకా మూడో పేరు దగ్గరే వుంటుంది. కాబట్టి పాత కబుర్లు వదిలేసి చివరిది పలకాలి. అలాగని అన్నిటినీ వదలకూడదు. “ఫోన్ నంబరు తప్పు” అనే హెచ్చరిక వదిలేస్తే దరఖాస్తు అక్కడే ఆగిపోతుంది. ఏది వదలాలి, ఏది మాట మధ్యలో ఆపి మరీ చెప్పాలి అన్నదే ఈ ప్రోగ్రాము రాసేవారి నేర్పు.

2006లో ఆస్ట్రేలియాలో మైకేల్ కరన్ అనే యువకుడు ఎన్‌.వి.డి.ఎ. అనే స్క్రీన్ రీడర్ రాయడం మొదలుపెట్టాడు. తర్వాత జేమ్స్ టే తోడయ్యాడు. ఇద్దరికీ చూపు లేదు. అది ఉచితం, దాని లోపలి రాత ఎవరైనా చదువుకోవచ్చు. ఫైలు దిగుతున్నప్పుడు ఎన్ని శాతమో ప్రతిసారీ చదివి అది విసిగించదు. బీప్ మని మోగుతుంది. పని సాగేకొద్దీ శ్రుతి పెరుగుతుంది. రహస్య పదం టైపు చేస్తుంటే అక్షరాలు పైకి చెప్పకుండా “స్టార్, స్టార్” అంటుంది. పక్కవాళ్ళు వింటారు గదా!

మరి “నీ పేరేమిటి?” అంటే జవాబే రాకపోతే? బొమ్మ బటన్లకు పేరు పెట్టడం చాలామంది మరిచిపోతారు. పాపం, స్క్రీన్ రీడర్ “బటన్” అని ఊరుకుంటుంది. విండోస్ 10 గాని, 11 గాని వున్న కంప్యూటర్ దొరికితే కంట్రోల్, విండోస్, ఎంటర్ మీటలు కలిపి నొక్కండి. నారేటర్ అనే స్క్రీన్ రీడర్ మాట్లాడుతుంది. మళ్ళీ అవే నొక్కితే ఆగిపోతుంది. కళ్ళు మూసుకొని, మీకు బాగా తెలిసిన వెబ్ పేజీలో టాబ్ నొక్కుతూ వెళ్ళి, పేరులేని బటన్లు ఎన్ని తగిలాయో లెక్కపెట్టండి.