గెలిచినా ఓడారు... అర పాయింటుతో!

అమెరికన్ ఫుట్‌బాల్‌లో ఎవరు గెలుస్తారన్నది కాదు, ఎంత తేడాతో గెలుస్తారన్నదే అసలు పందెం. 2018 జనవరిలో రెండు రోజుల్లో జరిగిన నాలుగు మ్యాచ్‌లు చూస్తే చాలు... ఆ లెక్కేమిటో, జేబుకు చిల్లు ఎక్కడ పడుతుందో అర్థమైపోతుంది.

2018 జనవరి 14, ఆదివారం సాయంత్రం. మినియాపోలిస్ స్టేడియం. ఆటకు మిగిలింది పది సెకన్లే. సొంత జట్టు మిన్నెసొటా వైకింగ్స్ 23-24తో ఒక్క పాయింటు వెనకబడి ఉంది. క్వార్టర్‌బ్యాక్ కేస్ కీనమ్ బంతిని దూరంగా విసిరాడు. స్టెఫాన్ డిగ్స్ గాల్లోకి ఎగిరి అందుకున్నాడు. అతణ్ని పడగొట్టాల్సిన న్యూ ఆర్లియన్స్ సెయింట్స్ ఆటగాడు గురి తప్పాడు. ఇంకేముంది, ఎదురుగా ఎవరూ లేరు! డిగ్స్ పరుగెత్తుకెళ్లి గీత దాటేశాడు. 29-24. గడియారం సున్నా చూపిస్తోంది. స్టేడియం హోరెత్తిపోయింది. ఆ దేశంలో ఈ మ్యాచ్‌ని ఇప్పటికీ ‘మినియాపోలిస్ మిరకిల్’ అనే పిలుస్తారు.

కానీ కథ అక్కడితో అయిపోలేదు. టచ్‌డౌన్ చేస్తే ఆరు పాయింట్లు. ఆ తర్వాత బంతిని గోల్ కమ్మీల మధ్య నుంచి తన్నితే ఇంకో పాయింటు. సమయం అయిపోయినా సరే, ఆ ఒక్క ప్రయత్నం చేసి తీరాలన్నది అప్పటి నిబంధన. సంబరాల్లో మునిగిపోయిన ఆటగాళ్లను వెనక్కి పిలిచారు. తన్నే ఓపిక ఎవరికుంది? కీనమ్ బంతి అందుకుని మోకాలు నేలకు ఆనించేశాడు. అంతే, మ్యాచ్ ముగిసింది.

అతను అలా మోకాలు ఆనించిన క్షణంలో మిన్నెసొటా మీద పందెం కాసినవాళ్లలో చాలామంది ఓడిపోయారు! జట్టు గెలిచింది. వాళ్లు మాత్రం ఓడిపోయారు. అదెలా?

పెద్దోడికి బరువు

చిన్నపిల్లలతో క్యారమ్స్ ఆడేటప్పుడు ‘నీకు ముందే పది పాయింట్లు ఇచ్చేశా, ఇప్పుడు గెలువు చూద్దాం’ అంటాం కదా. ఇదీ అంతే. బలమైన జట్టు ఇన్ని పాయింట్ల తేడాతో గెలవాలి అని బుకీ ముందే ఓ అంకె చెబుతాడు. దాన్ని ‘పాయింట్ స్ప్రెడ్’ అంటారు. ఆ మ్యాచ్‌లో మిన్నెసొటాకు ఎక్కువమంది బుకీలు చివరికి పెట్టిన అంకె అయిదున్నర. అంటే ఆ జట్టు మీద డబ్బు పెట్టినవాడు గెలవాలంటే తేడా ఆరో, అంతకంటే ఎక్కువో ఉండాలి. వచ్చింది అయిదు. ఆ ఒక్క తన్ను తన్ని ఉంటే 30-24... లెక్క సరిగ్గా సరిపోయేది. ఓడిన సెయింట్స్‌ను నమ్ముకున్నవాళ్లు ఆ రాత్రి డబ్బు జేబులో వేసుకుని ఇంటికెళ్లారు.

ఈ స్ప్రెడ్ పద్ధతిని 1940ల్లో చార్లెస్ మెక్‌నీల్ అనే లెక్కల మాస్టారు కనిపెట్టాడని చెబుతారు. నిజంగా మాస్టారి బుర్రే! బలమైన జట్టుకీ బక్కజట్టుకీ పోటీ పెడితే అందరూ ఒకవైపే కాస్తారు. అప్పుడు బుకీ బతికేదెలా? అందుకని తరాజులో ఓ రాయి వేసి ముల్లును మధ్యకు తెచ్చాడు. కాబట్టి స్ప్రెడ్ అంటే జోస్యం కాదు, ధర. కొనేవాళ్లు ఒకవైపు ఎగబడితే అదీ కదులుతుంది. మ్యాచ్‌ల గురించి వారం పొడవునా పుంఖానుపుంఖాలుగా వచ్చే విశ్లేషణల్లో చాలావరకు ఈ సంగతి మరిచిపోతాయి. ‘ఫలానా జట్టు గెలుస్తుంది’ అనడం వేరు, ‘ఆ ధరకు ఆ జట్టు గిట్టుబాటే’ అనడం వేరు.

వారమంతా ఇదే పని

లీగ్‌లో 32 జట్లు. 2021 నుంచి ఒక్కో జట్టుకు సీజన్లో 17 మ్యాచ్‌లు. మామూలు వారంలో గురువారం రాత్రి ఒకటి, సోమవారం రాత్రి ఒకటో రెండో, మిగతావన్నీ ఆదివారమే. ఒక వారం ఆట ఇంకా నడుస్తుండగానే వచ్చే వారం అంకెలు బయటికొస్తాయి. ఆదివారం ఆడే జట్లు బుధ, గురు, శుక్రవారాల్లో గాయాల జాబితా ప్రకటించాలి. ఎవరు సాధన చేశారు, ఎవరు కూర్చున్నారు, ఎవరు అనుమానం... అన్నీ అందులో ఉంటాయి. బరిలోకి దిగనివాళ్ల పేర్లు మ్యాచ్‌కు గంటన్నర ముందు ఖాయమవుతాయి. లోపలి గుట్టు తెలిసినవాడు ఒక్కడే లాభపడకూడదని ఈ ఏర్పాటు. క్వార్టర్‌బ్యాక్ లేడంటే చాలు, అంకె ఒక్కసారిగా తిరగబడుతుంది. వాతావరణం సంగతికొస్తే, మంచు కురుస్తుంటే అందరూ కంగారుపడతారు గానీ, విసిరే బంతినీ తన్నే బంతినీ నిజంగా చెడగొట్టేది ఈదురుగాలి.

ఇక్కడ అంకెలన్నీ సమానం కావు. ఫీల్డ్ గోల్‌కు మూడు, టచ్‌డౌన్‌కు ఎక్స్‌ట్రా పాయింటుతో కలిపి ఏడు. అందుకే మ్యాచ్‌లు సరిగ్గా మూడు పాయింట్ల తేడాతో ముగియడమే అన్నిటికంటే ఎక్కువ. తర్వాతి స్థానం ఏడుది. రెండున్నరకూ మూడున్నరకూ మధ్య ఉన్నది ఒక్క పాయింటే, కానీ పందెంరాయుళ్లకు అదో అగాధం. 1979 జనవరి సూపర్ బౌల్‌లో పిట్స్‌బర్గ్ స్టీలర్స్‌కు ముందు మూడున్నర పెట్టిన బుకీలు, తర్వాత దాన్ని నాలుగున్నర దాకా తీసుకెళ్లారు. స్టీలర్స్ 35-31తో గెలిచింది. తేడా నాలుగు! మొదట్లో స్టీలర్స్ మీద కాసినవాళ్లూ గెలిచారు, తర్వాత డాలస్ మీద కాసినవాళ్లూ గెలిచారు. ఇద్దరికీ చెల్లించింది బుకీలే. వాళ్లు ఆ రోజును ‘బ్లాక్ సండే’ అంటారు.

నాలుగు మ్యాచ్‌లు, ఒక్క గెలుపు

మళ్లీ 2018 జనవరి వారాంతానికే వద్దాం. లీగ్‌లో మిగిలినవి ఎనిమిది జట్లు. శనివారం మొదటి మ్యాచ్ ఫిలడెల్ఫియాలో. సొంత మైదానం, మంచి రికార్డు... అయినా ఈగల్స్‌ను బలహీనం అన్నారు. కారణం, వాళ్ల అసలు క్వార్టర్‌బ్యాక్ కార్సన్ వెంట్జ్ డిసెంబరులో మోకాలు దెబ్బతిని తప్పుకోవడమే. బదులుగా దిగినవాడు నిక్ ఫోల్స్. ఈగల్స్ 15-10తో అట్లాంటా ఫాల్కన్స్‌ను ఓడించింది. అమెరికాలో బలహీన జట్టును ‘అండర్‌డాగ్’ అంటారు కదా... ఇద్దరు ఈగల్స్ ఆటగాళ్లు కుక్క ముఖాల ముసుగులు తగిలించుకుని మైదానంలో తిరిగారు! మూడు వారాల తర్వాత అదే ఫోల్స్ సూపర్ బౌల్ కూడా గెలిచిపెట్టాడు.

రాత్రి మ్యాచ్‌లో న్యూ ఇంగ్లండ్ పేట్రియట్స్‌కు పదమూడు పాయింట్లకు అటూఇటూగా పెట్టారు. 35-14తో టెనెసీని చిత్తు చేసింది. ఆదివారం పిట్స్‌బర్గ్‌కు దాదాపు ఏడు పాయింట్ల మొగ్గు. అంతకు మూడు నెలల ముందే ఇదే పిట్స్‌బర్గ్‌ను ఇదే మైదానంలో జాక్సన్‌విల్ జాగ్వార్స్ 30-9తో ఓడించింది. ఆ సంగతి తెలిసీ జనం పేరు చూసి కాశారు. జాగ్వార్స్ మళ్లీ గెలిచింది, 45-42తో. నాలుగోది మన మినియాపోలిస్ మ్యాచ్.

పేరున్న జట్ల మీదే నాలుగుసార్లు కాసినవాడి లెక్క చూడండి. అక్కడ మామూలు రేటు ప్రకారం 100 డాలర్లు గెలవాలంటే 110 పెట్టాలి. ఒక గెలుపుకు వంద వచ్చింది. మూడు ఓటములకు 330 పోయాయి. నికరంగా 230 డాలర్ల నష్టం.

అసలు కత్తెర ఆ అదనపు పదిలోనే ఉంది. అటు ఒకడు, ఇటు ఒకడు చెరో 110 పెడితే బుకీ చేతికి 220 వస్తుంది. గెలిచినవాడికి 210 ఇస్తాడు. పది మిగిలింది. ఎవరు గెలిచినా సరే! ఆ పదిని తట్టుకుని అసలు చేతికి రావాలంటేనే వంద పందేలకు 52, 53 గెలవాలి. బొమ్మాబొరుసు వేసినా సగం వస్తాయి కదా, ఇంకో రెండు మూడేగా అనిపిస్తుంది. ఏళ్ల తరబడి ఆ రెండు మూడు తెచ్చుకోగలిగినవాళ్లు చాలా తక్కువ.

ఇంతకంటే తియ్యటి ఉచ్చు ‘పార్లే’. మూడు మ్యాచ్‌లూ కలిపి ఒకే పందెం, మూడూ గెలిస్తేనే డబ్బు. పది డాలర్లకు అరవై లాభం అంటారు. నోరూరుతుంది. కానీ మూడు మ్యాచ్‌ల ఫలితాలు ఎనిమిది రకాలుగా రావొచ్చు. ఎనిమిదిసార్లు పదేసి పెడితే ఎనభై ఖర్చు, ఒక్కసారి తగిలితే చేతికొచ్చేది డెబ్భై. బుకీ వాటా నూటికి నాలుగున్నర నుంచి పన్నెండున్నరకు పెరిగింది. మ్యాచ్‌లు కలిపేకొద్దీ అదింకా లావెక్కుతుంది. ఫోన్లో యాప్ తెరవగానే ముందుగా కనిపించేది ఇదే ఎందుకు ఉంటుందో ఇప్పుడు చెప్పక్కర్లేదు.

న్యూజెర్సీ దావా

పైన చెప్పిన నాలుగు మ్యాచ్‌లు జరిగేనాటికి అమెరికాలో ఇలాంటి పందెం చట్టబద్ధంగా కాయాలంటే నెవాడా వెళ్లాల్సిందే. 1992 నాటి కేంద్ర చట్టం మిగతా రాష్ట్రాల్ని అడ్డుకుంది. న్యూజెర్సీ దాని మీద కోర్టుకెక్కింది. 2018 మే 14న సుప్రీంకోర్టు ఆ చట్టాన్ని కొట్టేసింది. తర్వాతి నెలకే న్యూజెర్సీలో కౌంటర్లు తెరుచుకున్నాయి. ఇప్పుడు ముప్పైకి పైగా రాష్ట్రాల్లో ఇది సక్రమమే. అక్కడి మన తెలుగువాళ్ల విషయానికొస్తే, ఎడిసన్లో ఉన్నవాడు సోఫాలో కూర్చుని ఫోన్లోనే కాయొచ్చు. డాలస్‌లో ఉన్నవాడికీ, బే ఏరియాలో ఉన్నవాడికీ 2025 ముగిసేనాటికి కూడా ఆ వీలు లేదు. ఇక మన దేశంలో 2025లో వచ్చిన కేంద్ర చట్టం డబ్బు పెట్టి ఆడే ఆన్‌లైన్ ఆటలన్నిటినీ నిషేధించింది.

యాప్ చేతికొచ్చాక ఏమైంది? కాలిఫోర్నియాలోని యూసీఎల్‌ఏ, యూఎస్‌సీ పరిశోధకులు 2024లో లెక్కలు తీశారు. పందేలను, ముఖ్యంగా ఆన్‌లైన్ పందేలను అనుమతించిన రాష్ట్రాల్లో జనం క్రెడిట్ స్కోర్లు తగ్గాయి, దివాలా దరఖాస్తులు పెరిగాయి. పన్నుల దెబ్బ ఇంకోటి. 2026 నుంచి గెలిచిన సొమ్ములోంచి మినహాయించుకోగలిగేది నష్టంలో 90 శాతమే. పదివేలు గెలిచి పదివేలూ పోగొట్టుకున్నవాడు, మిగిలిందేమీ లేకున్నా వెయ్యి డాలర్ల ఆదాయం చూపించాల్సి రావొచ్చు!

ఈ స్ప్రెడ్ అంకెను పందేనికి కాకుండా మరోదానికి వాడినవాళ్లూ ఉన్నారు. ఆర్థికవేత్తలు డేవిడ్ కార్డ్, గోర్డన్ డాల్. కార్డ్‌కు 2021లో నోబెల్ వచ్చింది. 2011లో వాళ్లు లీగ్ మ్యాచ్‌లనూ, కుటుంబ హింసపై పోలీసుల దగ్గరున్న వివరాలనూ పక్కపక్కన పెట్టి చూశారు. నాలుగు పాయింట్లో, అంతకంటే ఎక్కువో తేడాతో గెలుస్తుందనుకున్న సొంత జట్టు ఓడిన రోజున, ఇంట్లో మగవాళ్లు భార్యల మీద, స్నేహితురాళ్ల మీద చేయి చేసుకోవడం పది శాతం పెరిగింది. పోటాపోటీగా ఉంటుందనుకున్న మ్యాచ్‌లో ఓడితే ఆ పెరుగుదల దాదాపు లేదు. అనుకోకుండా గెలిస్తే తగ్గిందీ లేదు. పెరిగిన హింసంతా మ్యాచ్ ముగిసే వేళకు అటూఇటూ కొద్దిసేపట్లోనే జరిగింది.