ఏప్రిల్ 14 సాయంత్రం చేయాల్సిన పని

ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా, 61 రోజులు, ఆంధ్ర తీరంలో వేట నిషేధం. చేపలు గుడ్లు పెట్టే కాలం కాబట్టి ఇంజన్ పడవలు ఒడ్డెక్కుతాయి. గడువు తీరిన తెల్లవారుజామున వలలు సర్దుకుని, పడవ వెనక బిగించిన ఔట్‌బోర్డు మోటారు తాడు లాగితే, అది ఒక్కోసారి రెండు దగ్గులు దగ్గి ఊరుకుంటుంది. రెండు నెలలుగా కదలని యంత్రంలో ఏ భాగమూ అరగలేదు. మరి ఎందుకు పలకదు? చాలాసార్లు జవాబు ట్యాంకులో మిగిలిపోయిన పెట్రోలులో దొరుకుతుంది.

ముందు ఆ మోటారు పుట్టుక చూద్దాం. పడవ వెనక తగిలించి, పనయ్యాక ఊడదీసి భుజాన వేసుకుపోగల మోటారు కావాలన్న కోరిక పాతదే. 1881లో గుస్తావ్ త్రువే పారిస్‌లో సేన్ నది మీద విద్యుత్ మోటారుతో పడవ నడిపాడు. 1905లో అమెరికాలోని డెట్రాయిట్‌లో కామెరాన్ వాటర్‌మన్ పెట్రోలు మోటారును పరీక్షించాడు. ఇలాంటి మోటారును మామూలు జనం దగ్గరికి చేర్చినవాడు మాత్రం నార్వేలో పుట్టి విస్కాన్సిన్‌లో పెరిగిన ఓలే ఎవిన్‌రూడ్. 1906 వేసవిలో సరస్సు విహారానికి వెళ్లినప్పుడు కాబోయే భార్య బెస్ ఐస్‌క్రీం అడిగిందనీ, అతను తెడ్డు వేసుకుంటూ వెళ్లి తెచ్చేసరికి అది కరిగిపోయిందనీ, మోటారు ఆలోచన అక్కడే మొలిచిందనీ చెబుతారు. 1909లో అమ్మకానికి వచ్చిన అతని మోటారు శక్తి ఒకటిన్నర హార్స్‌పవర్, బరువు 28 కిలోలు. పైన ఇంజన్, మధ్యలో నిలువు షాఫ్టు, అడుగున గేర్లు, నీటిని నెట్టే ఫ్యాను: ఆ అమరిక నేటికీ అదే.

ఇక పలకని మోటారు సంగతి. కార్బొరేటర్ ఉన్న మోటారు ప్రాణమంతా ఒక చిన్న రంధ్రంలో ఉంటుంది. జెట్ అనే ఆ రంధ్రం చాలా సన్నది. పెట్రోలు అందులోంచి చిమ్మి, గాలితో కలిసి, సిలిండరులోకి వెళ్లి మండాలి.

పెట్రోలు ఒకే పదార్థం కాదు, తేలికవీ బరువైనవీ కలిసిన హైడ్రోకార్బన్ల మిశ్రమం. చల్లగా ఉన్న ఇంజన్లో ముందు అంటుకోవాల్సినవి తేలికైనవి. నిల్వలో ముందుగా ఆవిరైపోయేవీ అవే. మిగిలినవాటిలో కొన్ని గాలిలోని ఆక్సిజన్‌తో కలిసి జిగురుగా మారతాయి. కార్బొరేటర్ అడుగున నిలిచిన నాలుగు చుక్కలు ఎండితే, ఆ జిగురే వార్నిష్ పొరలా జెట్‌ను మూసేస్తుంది.

ఇప్పుడు మన బంకుల్లో దొరికే పెట్రోలులో 20 శాతం దాకా ఇథనాల్ ఉంటోంది. ఇథనాల్ తేమను పీల్చుకుంటుంది. సముద్రపు గాలిలో తేమకు కొదవేముంది? నీరు ఒక హద్దు దాటితే ఇథనాల్ పెట్రోలును విడిచి, నీటితో కలిసి ట్యాంకు అడుగుకు దిగిపోతుంది. గొట్టం పీల్చేది అడుగు నుంచే. టూ స్ట్రోక్ మోటారుకు ఇది మరీ ప్రమాదం. దాని కందెన పెట్రోలులో కలిపిన ఆయిలే, ఆ ఆయిల్ పై పొరలోనే ఉండిపోతుంది. కందెన అందక పిస్టన్ గీసుకుపోతుంది, చివరికి ఇంజన్ పట్టేస్తుంది.

అందుకే పలకని మోటారు తాడును పదేపదే గుంజకూడదు. ముందు పాత పెట్రోలు పూర్తిగా తీసేయాలి. దాన్ని ఇసుకలోనో నీళ్లలోనో పారబోయవద్దు, ఆ నీళ్లే మన చేపలకు ఇల్లు. కార్బొరేటర్ విప్పి జెట్ శుభ్రం చేయాలి, ఫిల్టరు మార్చాలి, గట్టిపడి పగిలిన గొట్టాలు తీసేయాలి. ప్లగ్గులు విప్పి సిలిండరులో కాస్త ఆయిల్ వేసి, తాడు మెల్లగా లాగి చూడాలి. కదలకపోతే బలవంతం చేయక మెకానిక్కును పిలవాలి. గేర్ ఆయిల్ పాలలా తెల్లబడి ఉంటే లోపలికి నీరు చేరినట్టే.

తాజా పెట్రోలు పోశాక కూడా మోటారును పొడిగా నడపకూడదు. దాన్ని చల్లబరిచేది బయటి నీరే. పంపులోని రబ్బరు రెక్కలు నీళ్లు లేకుండా తిరిగితే త్వరగా కాలిపోతాయి. నీళ్లు నింపిన డ్రమ్ములో మోటారు కిందిభాగం ముంచి స్టార్ట్ చేయాలి. పక్కనుంచి సన్నని నీటిధార రావాలి. రాకపోతే వెంటనే ఆపేయాలి. నిల్వలో వంగి గట్టిపడిన రెక్కలు నీటిని తోడలేకపోతున్నాయేమో చూడాలి.

మోటారు ఒడ్డున ఆగితే ఒక పూట వేట పోతుంది. నడిసంద్రంలో, గాలి మారిన వేళ ఆగితే పడవలో ఉన్నవాళ్ల ప్రాణాల మీదికి వస్తుంది. దీన్ని చాలావరకు తప్పించే పని చిన్నది. ఏప్రిల్ 14 సాయంత్రం మోటారును మంచినీళ్ల డ్రమ్ములో నడిపి ఉప్పు కడగాలి. నడుస్తుండగానే పెట్రోలు గొట్టం తీసేయాలి. కార్బొరేటర్‌లోని పెట్రోలంతా కాలిపోయి మోటారు తనంతట తానే ఆగేదాకా పక్కన నిలబడాలి. ట్యాంకు ఖాళీ చేసి పెట్టాలి. జూన్ 15న తాడు లాగే చేతికి జవాబు ఆ సాయంత్రమే సిద్ధమవుతుంది.