మూత్రం పైపు ఎన్నాళ్ళుంచాలి?

జీర్ణాశయంలో క్యాన్సరని తేలితే మా అహోబిలం వైపు వాళ్ళు ఆళ్ళగడ్డ, నంద్యాల దాటి కర్నూలుకో హైదరాబాదుకో ఆపరేషనుకి పోతుంటారు. కత్తి పట్టేది డాక్టరుగారే అయినా, తర్వాత మంచం పక్కన కూర్చుని సంచీలో మూత్రం ఎంత పడిందో చూసేది ఇంటి ఆడవాళ్ళమే. అందుకే ఆ పైపు సంగతి మనకి తెలిసుండాలి.

ఎందుకు వేస్తారు?

మత్తులో ఉన్న మనిషికి మూత్రం వచ్చేది తెలియదు. గంటల తరబడి సాగే ఆపరేషనులో మూత్రాశయం ఉబ్బిపోకుండా ఈ పైపు వేస్తారు. గంటకెంత మూత్రం వస్తోందో కొలిస్తే ఒంట్లో నీరు చాలినంత ఉందా, మూత్రపిండాలు సరిగా పనిచేస్తున్నాయా అన్నది తెలుస్తుంది. పైపు జారకుండా లోపలి కొసన నీళ్ళు నింపిన చిన్న బుడగ ఉంటుంది.

ఎప్పుడు తీస్తారు?

"పాపం, లేవలేడు. ఇంకో నాలుగు రోజులుండనీండి" అంటుంటాం. ప్రేమతో అనే మాటే కాని, దానివల్ల మేలు లేదు. పైపు ఉన్న ఒక్కో రోజుకీ మూత్రంలో చీము పట్టే ప్రమాదం 3 నుంచి 7 శాతం పెరుగుతుందని లెక్క. పైపు ఉందని రోగి మంచం దిగడు. దిగకపోతే ఊపిరితిత్తుల్లో కఫం చేరుతుంది, కాళ్ళలో రక్తం గడ్డకట్టవచ్చు. జీర్ణాశయం ఆపరేషన్ల మీద 2014లో వచ్చిన అంతర్జాతీయ సూచనల ప్రకారం ఒకటి రెండు రోజులుంచితే చాలు.

అందరికీ ఒకటే లెక్క కాదు. ప్రోస్టేటు పెరిగిన పెద్దవాళ్ళకి, ఇంకా ఐ.సి.యు.లో ఉన్నవాళ్ళకి ఆలస్యం కావచ్చు. అందుకే రోజూ పొద్దున డాక్టరు రౌండుకి రాగానే "సార్, ఈ పైపు ఇంకా అవసరమా?" అని అడగండి. అడగడం తప్పు కాదు. మనంతట మనం మాత్రం లాగకూడదు. బుడగలో నీళ్ళు తీయకుండా లాగితే లోపల చీరుకుపోతుంది.

ఉన్నన్నాళ్ళూ ఇలా చూసుకోండి

* సంచీ ఎప్పుడూ పొట్టకంటే కిందే ఉండాలి, నేలకి తగలకూడదు.
* పైపు మడతపడకుండా, ఒంటికింద నలగకుండా చూడాలి.
* సంచీ మూడొంతుల్లో రెండొంతులు నిండేసరికి ఖాళీ చేయించాలి. ముట్టుకునే ముందు, తర్వాత సబ్బుతో చేతులు కడుక్కోవాలి.

తీశాక

తొలి ఒకటి రెండుసార్లు కాస్త మంట ఉండొచ్చు. ఆరు నుంచి ఎనిమిది గంటలైనా మూత్రం రాకపోయినా, పొత్తికడుపు ఉబ్బి చుక్కలు చుక్కలుగా పడుతున్నా వెంటనే నర్సుకి చెప్పండి. ఒక్కోసారి పైపు మళ్ళీ వేయాల్సి వస్తుంది. దానికి బెంగపడక్కర్లేదు. మంటకి మంచిదని గ్లాసులకొద్దీ బార్లీ నీళ్ళు తాగించకండి. జీర్ణాశయం కోసిన మనిషికి ఏదైనా సరే డాక్టరు చెప్పినంతే, గుక్కెడు గుక్కెడుగా ఇవ్వాలి.

డిశ్చార్జికి ముందే మూత్రం ధారాళంగా వస్తోందని ఖాయం చేసుకోండి. అర్ధరాత్రి మూత్రం బిగిస్తే అహోబిలం నుంచి ఆళ్ళగడ్డకే పాతిక కిలోమీటర్ల దూరం. ఇంటికొచ్చాక చలిజ్వరం, మూత్రంలో రక్తం, పెద్దవాళ్ళయితే తికమక మాటలు కనిపిస్తే తెల్లారనీ అనుకోకండి. ఆపరేషను చేసిన ఆసుపత్రికి ఫోన్ చేయండి. మూత్రం పూర్తిగా ఆగిపోతే 108కి చేయండి.