రాయి మన్నగు తీరు

మాదాపూరులో ఒక భవనమునకు పునాది తవ్వుచుండగా మేము కొంతసేపు ఆగి చూచితిమి. పైన ఎర్రమట్టి, దాని క్రింద చేతితో నలిపిన రాలిపోవు మొరము, అందులో అక్కడక్కడ తెల్లని సుద్ద చారలు, అడుగున గడ్డపారకు లొంగని రాయి. ఇవి నాలుగు వేర్వేరు వస్తువులని తోచును. నిజమునకు నాలుగును ఒకే రాయి పొందిన దశలు.

హైదరాబాదు రాయి గ్రానైటు. సుమారు 250 కోట్ల సంవత్సరముల క్రిందట, భూగర్భములో కిలోమీటర్ల లోతున, శిలాద్రవము మెల్లగా చల్లారి ఇది ఏర్పడినది. పైపొరలు క్రమముగా కోసుకొనిపోగా బరువు తగ్గి, రాయి పగుళ్లు వారినది. ఆ పగుళ్లలో వాననీరు దిగినది.

గ్రానైటులో ముఖ్యముగా క్వార్ట్జు, ఫెల్డ్‌స్పారు, అభ్రకము ఉండును. వాననీరు బొగ్గుపులుసు వాయువును కలుపుకొని కొంచెము ఆమ్లగుణము పొందును. ఆ నీరు ఫెల్డ్‌స్పారులోని పొటాషియమును, సోడియమును కరిగించి కొనిపోవును. మిగిలినది కేయొలిన్ అను తెల్లని మెత్తని మన్ను. పింగాణీకి మూలమైన ఈ మన్నును ఉర్దూలో చీనీ మిట్టీ అందురు. చైనాలోని గావొలింగ్ అను చోటినుండి కేయొలిన్ అను పేరు వచ్చినది. ఆ మాటకు ఎత్తైన కొండ అని అర్థము. మన కొండాపూరు పేరులోను కొండయే ఉన్నది!

క్వార్ట్జు కరగక ఇసుకగా మిగులును. రాతి మూలలను నీరు పలువైపులనుండి తాకుటచే అవి ముందుగా అరిగి గుండ్రనగును. చుట్టునున్న మొరము కొట్టుకొనిపోగా గుండ్లు ఒకదానిపై నొకటి నిలిచినవి. హైదరాబాదు విశ్వవిద్యాలయములోని పుట్టగొడుగు రాయి, మౌలానా ఆజాద్ జాతీయ ఉర్దూ విశ్వవిద్యాలయములోని 'పత్థర్ దిల్' ఇట్టివే. సన్నని మన్ను వాగులతో సాగి చెరువుల అడుగున పేరుకొన్నది. కుమ్మరికి కుండయు, రైతుకు పొలములో వేయు పూడికమన్నును దానినుండియే లభించినవి.

ఇదంతయు తెలిసికొనుట యెందుకు? గట్టిరాయి పగుళ్లలో తప్ప నీటిని నిలుపదు, మొరము నిలుపును. మొరమును తవ్వివేసి కాంక్రీటు పోసినచోట వాననీటికి ఇల్లు లేదు. 1998లో సైబర్ టవర్స్ ప్రారంభమైన పిదప ఈ ప్రాంతమున ఎన్నో గుట్టలు పేలుడుమందుకు బలియైనవి. 2025 ఏప్రిల్ 3న కంచ గచ్చిబౌలిలో చెట్ల నరికివేతను సుప్రీంకోర్టు నిలిపివేయించినపుడు, అక్కడి రాళ్ల మాటయు ప్రజల నోట వినబడినది.

కట్టడములు వలదని మేము అనము. కాని కోట్ల ఏండ్లలో మన్నైన రాయిని ఒక్కనాటిలో తొలగించువారు, ఆ గోతిలోనికి ఒక్కసారి తొంగిచూడవలెను. విద్యార్థి మిత్రులు కూడ చూడవలెను. కాంక్రీటు పడిన తరువాత ఆ పాఠము మరల కనబడదు.