చెట్టెక్కిన అడవి బాతు

చైనావాళ్ల పాత జోస్యం పుస్తకంలో అడుగడుగునా పక్షులే. శకునాల సంగతి కాసేపు పక్కనపెట్టి, ఎవరో కంటితో చూసిన పక్షులుగా వాటిని చదివితే?

వేళ్ల మధ్య పొర ఉన్న కాలితో పెద్దబాతు కొమ్మను పట్టుకోలేదు. చెట్టుతో దానికి పనీ లేదు. అయినా చైనా ప్రాచీన గ్రంథం ‘యీజింగ్’లో అలాంటి అడవి బాతు ఒకటి చెట్టెక్కుతుంది. మనలో చాలామంది ‘ఐ చింగ్’గా విన్న పుస్తకమే ఇది. అందులో ఆరేసి గీతలతో కూర్చిన గుర్తులు 64 ఉన్నాయి. 53వ గుర్తులో ఈ బాతు ముందు నీటి ఒడ్డుకు చేరుతుంది. తర్వాత బండ మీదికి, మెట్టకు, చెట్టు మీదికి, ఆపైన గుట్టకు వెళ్తుంది. చెట్టు దగ్గరకొచ్చేసరికి రాసినవాడు ఒక షరతు పెడతాడు: దూలంలా చదునైన కొమ్మ దొరికితే ఫర్వాలేదట.

ఆ షరతు చూశాకే రాసినవాడి మీద నాకు గురి కుదిరింది. కూర్చున్నచోట పక్షిని ఊహించుకునేవాడికి కొమ్మ గుండ్రమా, చదునా అన్న బెంగ ఎందుకు? బాతు కాలు చూసినవాడికే ఉంటుంది.

శకునం చూసి నిర్ణయాలు తీసుకోవడం అక్కడ ఈ పుస్తకం కన్నా పాత అలవాటు. హెనాన్ రాష్ట్రంలోని అన్‌యాంగ్ దగ్గర షాంగ్ రాజుల చివరి రాజధాని ఉండేది. అక్కడ తాబేలు డిప్పలకూ, పశువుల భుజం ఎముకలకూ సెగ తగిలించి, పగుళ్లను బట్టి మంచిచెడ్డలు చెప్పేవారు. అడిగిన ప్రశ్నను అదే ఎముక మీద చెక్కేవారు. 1928లో తవ్వకాలు మొదలయ్యాక ఇలాంటివి వేలకొద్దీ బయటపడ్డాయి. వాటిలో ‘గాలి’ అని రాయడానికి వాడింది తలపై కుచ్చు ఉన్న పెద్ద పక్షి బొమ్మ. షాంగ్ రాజు వూ డింగ్ గురించి చరిత్రకారుడు సీమా చియాన్ ఒక ముచ్చట రాశాడు. పూజ చేసిన మర్నాడు ఫెజెంట్ అనే అడవికోడి వచ్చి కంచుపాత్ర చెవి మీద వాలి కూసిందట. రాజు హడలిపోయాడు. జూ జీ అనే పెద్దమనిషి మాత్రం, దిగులు మాని ముందు పాలన చక్కబెట్టుకోమన్నాడట. ఆ కొలువులో మతి నిలిచిన మనిషి ఒక్కడైనా ఉన్నాడు!

యీజింగ్‌లోని మూలవాక్యాలు షాంగ్‌ల తర్వాత వచ్చిన జౌ వంశం కాలానివి. ఇందులో ఎముకల స్థానంలో యారో మొక్క పుల్లలు వచ్చాయి. 50 పుల్లలు తీసుకుని ఒకటి పక్కన పెడతారు. మిగతా 49ని కుప్పలు పోసి నాలుగేసి చొప్పున లెక్కపెడతారు. అలా మళ్లీ మళ్లీ చేస్తే కింద నుంచి పైకి ఆరు గీతలు తేలతాయి. ఎవరికి ఏ పక్షి వస్తుందో ఆ పుల్లల దయ.

మన బాతు దగ్గరికి వద్దాం. ఆ గుర్తు ఆడపిల్ల పెళ్లికి శుభమంటూ మొదలవుతుంది. లోపలికి వెళ్తే కథ వేరు. బాతు మెట్టకు చేరినచోట దండయాత్రకు వెళ్లి తిరిగిరాని భర్త, కడుపుతో ఉండీ బిడ్డ దక్కని భార్య కనిపిస్తారు. గుట్టెక్కినచోట మూడేళ్లుగా కడుపు పండని ఇల్లాలు ఉంటుంది. బాతుకీ పెళ్లికీ ఏమిటి సంబంధం? జౌ కాలపు ఆచారాలు చెప్పే ‘యీలీ’ గ్రంథం ప్రకారం, పెళ్లి తంతులోని ఆరు ఘట్టాల్లో అయిదింటికి మగపెళ్లివారు బాతును పట్టుకెళ్లాలి. పెద్దబాతులు ఒకసారి జతకట్టాయంటే చాలావరకు బతికినంతకాలం విడిపోవు. ఈ మాట పక్షిశాస్త్రవేత్తలూ ఒప్పుకుంటారు. పైగా అవి వలస పక్షులు. ఉత్తరాన గుడ్లు పెట్టి, చలి ముదిరే ముందు దక్షిణానికి దిగుతాయి, ఎండలు రాగానే వెళ్లిపోతాయి. ఏటా ఆ రాకపోకలు తప్పవు. సరిహద్దుకు వెళ్లిన మొగుడు మాత్రం రాడు. అమెరికా పండితుడు ఎడ్వర్డ్ షాఘ్నెసీ కూడా ఈ గుర్తును దంపతుల ఎడబాటుగానే చదివాడు. తర్వాతి వ్యాఖ్యాతలు దీన్ని మెట్టుమెట్టుగా ఎదగాలన్న ఉద్యోగస్తుల పాఠంగా మార్చేశారు. ఆ పాఠంలో ఇల్లాలి ఊసే లేదు.

61వ గుర్తులో సారస పక్షి మరుగున ఉండి పిలుస్తుంది, పిల్ల బదులు పలుకుతుంది. ఈశాన్య చైనాలో చిచిహార్ దగ్గరి జాలోంగ్ చిత్తడి నేలల్లో ఎర్రనెత్తి సారసాలు ఉంటాయి. రెల్లు అడ్డుగా ఉంటే పక్షి కనపడదు, కేక మాత్రం చాలా దూరం వినిపిస్తుంది. దాని శ్వాసనాళం రొమ్ము ఎముకలోకి చొచ్చుకెళ్లి చుట్టలు తిరిగి ఉంటుంది, ఆ గొంతు బలం దాందే. పిల్లలు మొదటి చలికాలమంతా తల్లిదండ్రుల వెంటే ఉంటాయి కాబట్టి, బదులు పలికే పిల్ల కవి కల్పనేమీ కాదు. అదే గుర్తు చివర్లో కోడికూత ఆకాశానికి ఎక్కుతుంది. అది అశుభమట. పాపం కోడి!

ఇక 62వ గుర్తు. నడుమ రెండు నిండు గీతలు, కిందా పైనా రెండేసి విరిగిన గీతలు. పక్కకు తిప్పి చూస్తే ఒళ్లూ రెక్కలూ చాచిన పిట్టే. పైకి పోవడం తగదు, కిందికి దిగడమే మేలు అని దాని సారాంశం. వినయం నేర్పే నీతిగా దీన్ని శతాబ్దాల పాటు బోధించారు. ఎదురుగాలిలో పిట్టలు ఎలా ఎగురుతాయో చూడండి, నేల దగ్గర గాలి జోరు తక్కువ కనుక కిందికి దిగి పోతాయి. ఇంకా గట్టి ఉదాహరణ హిమాలయాల్లో ఉంది. తలపై నల్లచారల పెద్దబాతులు మంగోలియా నుంచి హిమాలయాలు దాటి భారతదేశానికి వస్తాయి, దక్షిణాది చెరువుల దాకా దిగుతాయి. వాటి ఒంట్లో చిన్న పరికరాలు అమర్చి, గుండె వేగాన్నీ రెక్కల ఊపునూ నమోదు చేసిన అధ్యయనం 2015లో ‘సైన్స్’ పత్రికలో వచ్చింది. ఒకసారి ఎత్తుకు వెళ్లాక అక్కడే కొనసాగుతాయని అందరూ అనుకునేవారు. అవి అలా చేయడం లేదు. కొండ వస్తే ఎక్కి, లోయ వస్తే దిగి, నేలను అంటిపెట్టుకునే ఎగురుతున్నాయి. పైన గాలి పలచన, ఒక్కో రెక్కపోటుకు గుండె మీద భారం ఎక్కువ. మళ్లీ ఎక్కాల్సి వచ్చినా సరే, దిగడమే వాటికి లాభం. ‘మూడు వేల ఏళ్ల కిందటే చెప్పేశారు’ అని దీన్ని వాట్సాప్‌లో తిప్పకండి. ఆ పుస్తకానికి హిమాలయాల ఊసు తెలియదు. గాలిలో పిట్ట ఏం చేస్తుందో చూసినవాళ్లు ఉండేవారు, అంతే.

చూసి రాశారన్న నా వాదన 56వ గుర్తు దగ్గర తడబడుతుంది. అందులో పక్షి గూడు తగలబడుతుంది. ముందు నవ్విన బాటసారి తర్వాత ఏడుస్తాడు, యీ అనే చోట అతని పశువు పోతుంది. ఇది షాంగ్‌ల పూర్వీకుడు వాంగ్ హై పశువుల్ని పోగొట్టుకున్న కథ అని 1929లో చరిత్రకారుడు గు జియేగాంగ్ తేల్చాడు. ఎముకల మీది రాతల్లో వాంగ్ హై పేరును కొన్నిచోట్ల నెత్తిన పక్షి బొమ్మతో చెక్కారు. షాంగ్‌లు తమ వంశమే ఒక నల్లపిట్ట వల్ల పుట్టిందని నమ్మినవాళ్లు. కాబట్టి ఈ పక్షి అడవిలోది కాకపోవచ్చు, వంశకథలోది కావచ్చు.

అలాగని పక్షికీ నిప్పుకీ పొత్తే లేదనుకోవడానికీ లేదు. ఉత్తర ఆస్ట్రేలియా ఆదివాసులు ఎప్పటినుంచో చెబుతున్న సంగతిని 2017లో పరిశోధకులు నమోదు చేశారు. అక్కడి వేటపక్షులు కొన్ని మండుతున్న పుల్లల్ని కాళ్లతోనో ముక్కుతోనో ఎత్తుకెళ్లి, అంటుకోని గడ్డిలో పడేస్తాయి. మంటకు బెదిరి బయటికొచ్చే ఎలుకల్నీ, తొండల్నీ పట్టుకుంటాయి. ఆ నిప్పుపక్షుల్లో ఒకటి మన ఊళ్లలో చేపల బజారు మీద చక్కర్లు కొట్టే నల్లగద్ద జాతిదే.