అపహృతలేఖ: డ్యూపిన్ పరిశోధనపద్ధతి

అపరాధ పరిశోధక కథలు కాలక్షేపమునకే గాని విమర్శకు దగవను తలంపు కొందరికి కలదు. ఎడ్గార్ ఆలన్ పో రచించిన ‘అపహృతలేఖ’ ఈ తలంపునకు తగిన సమాధానము. ఇది 1844లో అమెరికాయందు ఫిలడెల్ఫియా నగరమున ‘ది గిఫ్ట్’ అను వార్షిక సంచికలో వెలువడినది. ఆగస్ట్ డ్యూపిన్ పరిశోధకుడుగా గల మూడు కథలలో నిది కడపటిది. మొదటి రెండును హత్యలకు సంబంధించినవి. ఇందు రక్తపాతము లేదు. దొంగ యెవడో మొదటనే తెలియును. తెలియవలసినది లేఖ యున్న తావు మాత్రమే.

ఇతివృత్తము స్వల్పము. ప్యారిస్ రాజమందిరమున నొక మాన్యురాలు రహస్యలేఖను చదువుచుండగా, దాని నెవరు చూడరాదో ఆ వ్యక్తియే లోనికి వచ్చును. దాచుటకు వ్యవధి లేక ఆమె దానిని బల్లపై విప్పినది విప్పినట్లే యుంచును. అపుడే వచ్చిన ‘డి’ అను మంత్రి సంగతి గ్రహించి, తన లేఖ నచట విడిచి, ఆమె లేఖను గొనిపోవును. ఆమె నోరు మెదపజాలదు. పోలీసు అధిపతి మూడు నెలలపాటు రాత్రులందు మంత్రి గృహమును శోధింపజేయును. మెత్తలను సూదులతో గ్రుచ్చిరి; బల్లల పైపలకల నూడదీసిరి; కుర్చీల యతుకులను సూక్ష్మదర్శినితో పరీక్షించిరి. లేఖ దొరకలేదు. తుదకు డ్యూపిన్, 50,000 ఫ్రాంకులకు చెక్కు వ్రాయించుకొని, దానిని సొరుగునుండి తీసి యిచ్చును.

పోలీసుల యోటమికి శ్రద్ధాలోపము కారణము కాదు. వారు తామైనచో దాచు తావులనే వెదకిరి. డ్యూపిన్ సరి–బేసి యాటలో ఆరితేరిన యొక బాలుని ఉదాహరించును. ఎదుటివాని తెలివి యెంతటిదో గ్రహించి, దాని ననుసరించియే ఆ బాలుడు పందెము గెలుచును. మంత్రి కవియు, గణితజ్ఞుడును. కవి గనుక మందమతి యని అధిపతి తలంచెను. కేవల గణితజ్ఞుడైనచో పట్టుబడి యుండెడివాడని డ్యూపిన్ మతము.

కంటియెదుట నుంచుటయే దాచుట యని యీ కథను సంగ్రహించుట పరిపాటి. చంకలో బిడ్డ నుంచుకొని ఊరెల్ల వెదకిన సామెతయు స్ఫురింపవచ్చును. ఈ సంగ్రహము చాలదని మా యభిప్రాయము. మంత్రి లేఖను బయట నుంచుటయే గాక దాని రూపమును మార్చెను. అసలు లేఖపై ఎఱ్ఱని చిన్న ముద్రయు, గంభీరమైన దస్తూరియు గలవు. వ్రేలాడు అట్టగూటిలోని లేఖపై నల్లని పెద్ద ముద్రయు, మంత్రి పేర స్త్రీ దస్తూరితో చిరునామాయు గలవు. అది మాసి, నడుమ చినిగి యున్నది. పోలీసుల కడ అసలు లేఖ వర్ణన కలదు. ఆ వర్ణనయే వారి కన్నులకు గంతయైనది.

డ్యూపిన్‌కు ఆధారమైన వేమి? మంత్రి క్రమశిక్షణ గలవాడు. అట్టివాని యింట ఇంత మాసిన లేఖ యుండుట స్వభావవిరుద్ధము. అంచులు మిక్కిలి నలిగి, త్రిప్పి మడచినట్లు తెలుపుచున్నవి. నైయాయికుల పరిభాషలో నివి లింగములు. పొగను జూచి నిప్పు నూహించునట్లు, ఆచ్ఛాదనమందలి యతిశయమును జూచి ఆతడు ఆచ్ఛాదితము నూహించెను. ఆకుపచ్చ కంటద్దముల చాటున దీనిని గమనించి, బంగారు పొడుముడబ్బీని మరచినట్లు విడిచివచ్చెను. మరునాడు దానికై వచ్చి, వీథిలో తుపాకి ప్రేలింపజేసి, ఆ సందడిలో నకలు నుంచి అసలు గైకొనెను.

ఇచట నొక విశేషము గమనింపదగినది. లేఖను బయలుగా నుంచి కాపాడజూచినది మొదట ఆ మాన్యురాలే. మంత్రి ఆమె యుపాయమునే గ్రహించెను. మారు లేఖ నుంచి అసలు నపహరించుటను డ్యూపిన్ మంత్రినుండి గ్రహించెను. ఆతనికి మంత్రిపై పాత పగయు కలదు. కావున పరిశోధకుడు కేవల సాక్షి కాడు. ఆతడును ఆటలో నొకడే. జాక్ లకాఁ 1955 నాటి తన ఉపన్యాసములలో నీ యావృత్తినే వివరించెను. లేఖలోని విషయము పాఠకునకు తుదివరకు తెలియకుండుటయు నిందలి చమత్కారమే.

పరిశోధక విద్యార్థికి ఈ కథ హెచ్చరిక వంటిది. తాళపత్రమున నిట్టి పాఠమే యుండవలెనని ముందుగ నిశ్చయించుకొని వెదకువానికి, ఎదుటనున్న పాఠము గోచరింపదు. సూక్ష్మదర్శిని పోలీసుల కడను కలదు. దానిని దేనిపై నిలుపవలెనో తెలియుటయే పరిశోధనము.