పాల పేరు పొందిన చెట్టు

చెట్టుకు ఆకును బట్టియో, పూవును బట్టియో పేరు వచ్చుట లోకసహజము. ఉత్తర అమెరికా తూర్పు అడవులలో పెరుగు హికరీకి మాత్రము వంటకమును బట్టి పేరు వచ్చినది. వర్జీనియా తీరమున నివసించిన పౌహటన్ జాతివారు ఆ చెట్టు కాయలను పెంకుతోనే దంచి, నీటిలో కలిపి, పాలవంటి పానీయమును తీసెడివారు. దానిని వారు ‘పాకోహికరా’ అనిరి. 17వ శతాబ్దమున అచ్చట స్థిరపడిన ఆంగ్లేయుల నోట ఆ పదము తల కోల్పోయి, చెట్టుకు పేరై, ‘హికరీ’గా మిగిలినది.

వలస వచ్చినవారికి కాయకంటె కొయ్య ప్రియమైనది. హికరీ కొయ్య గట్టిది, బరువైనది; అంతకు మించి, దెబ్బ తగిలినపుడు విరుగక ఓర్చుకొనునది. అందుచేతనే గొడ్డలి కామలు, సుత్తి పిడులు, బండిచక్రపు ఆకులు దీనితో చేసిరి. ఉక్కు వచ్చువరకు గాల్ఫ్ కర్రలును దీనివే. ఐతే వానలో నానినచో త్వరగా చివుకును. దీని పొగలో పందిమాంసమును మగ్గించుట దక్షిణ రాష్ట్రముల వంటలో ప్రసిద్ధము.

ఈ కొయ్య దార్ఢ్యమును తలచియే 1813లో సైనికులు తమ సేనాని ఆండ్రూ జాక్సన్‌ను ‘ఓల్డ్ హికరీ’ అని పిలిచిరి. అతడే దేశాధ్యక్షుడై 1830లో ఆదివాసుల తరలింపు శాసనముపై సంతకము చేసెను. దాని ఫలితముగా 1838–39లో చెరొకీ జాతివారు మిసిసిపీ నదికి ఆవలనున్న నేటి ఓక్లహోమాకు బలవంతముగా తరలింపబడిరి. శిబిరములలోను, దారిపొడుగునను వేలమంది మరణించిరి. హికరీ పేరు ధరించినవాడే, హికరీ కాయలు తిని పెరిగినవారిని ఆ చెట్ల నీడనుండి వెడలగొట్టు శాసనమునకు కర్త యయ్యెను.

ఐనను వారి వంట నశింపలేదు. ఓక్లహోమాలోని చెరొకీలు నేటికిని ‘కనూచీ’ చేయుదురు. శరదృతువున రాలిన కాయలను ఏరి, చేదు జాతులను విడిచి, తీపి కాయలనే గ్రహింతురు. వానిని ఎండబెట్టి, పగులగొట్టి, తొలిచిన మొద్దురోటిలో పొడవాటి రోకలితో దంపుదురు. దంచగా నూనె దిగి పిండి ముద్దకట్టును. దానిని ఉండలు చేసి దాచుకొందురు. కావలసినపుడు ఒక ఉండను వేడినీటిలో కరగించి, పెంకు ముక్కలను వడగట్టి, పొట్టు తీసిన మొక్కజొన్నతోనో అన్నముతోనో కలిపి భుజింతురు.

వడగట్టిన పిమ్మట గిన్నెలో మిగులు ఆ తెల్లని ద్రవము, పౌహటన్ పదము మొదట దేనికి పేరో, దానికి దగ్గరి చుట్టము.